పద్నాలుగో లాట్

జనవరి 8

ఈ నోటుబుక్కు రెండేళ్ళుగా అల్మరాలో ఖాళీగా పడి ఉంది. ఆఫీసు సంగతులు ఆఫీసులో మాట్లాడుకోలేను, బయట మాట్లాడకూడదు. అందుకని ఇక్కడ.

పొద్దున డైరెక్టర్ గారు పిలిచి ఫైలు చేతిలో పెట్టారు. సరిహద్దులో పోరు మొదలై పదకొండు వారాలైంది. ఈ పదకొండు వారాల్లో సైన్యం అత్యవసరం కింద, టెండర్లు లేకుండా కొన్న వైద్య సామగ్రినంతా మేము తనిఖీ చేయాలి. కొనేముందు అడిగేవాళ్ళు లేరు. కొన్నాక అడిగేది మేమొక్కళ్ళమే.

"తొందరేం లేదమ్మా, నిదానంగా చూడండి" అన్నారు కళ్ళజోడు తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా. పాతికేళ్ళ ఆడిట్ ఉద్యోగంలో తొందర లేదని నాకు చెప్పిన పై అధికారి ఈయనొక్కడే. అదెందుకో నాకు మింగుడు పడలేదు.

నాకు తోడుగా కొలబద్దని ఇచ్చారు. అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఆఫీసులో లేరు. జేబులో స్టీలు స్కేలు లేనిదే గడప దాటడు. క్యాంటీన్ గ్లాసులు అర అంగుళం పొట్టివయ్యాయని కొలిచి చూపించి, టీ ధర తగ్గించిన ఘనుడు. మంచి పనివాడే. మనిషి ఎలాంటివాడో తెలీదు.

జనవరి 10

ఏడింటికి కింద భోజనం. మా ఆయన పోయిన ఈ ఆరేళ్ళూ పైన నేను, కింద అన్నయ్యా వదినా. వంట ఒకటే.

అన్నయ్య టీవీలో యుద్ధం వార్తలు చూస్తూ ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోతాడు. సైన్యంలో ఇరవై రెండేళ్ళు చేసినవాడు, మర్చిపోడూ మరి. ఎడమ కాలికి మూడు వేళ్ళు లేవు. మంచు తినేసింది.

"రేపు ఎటు అమ్మడూ?" అన్నాడు.

"మొదటి డిపోకి."

"ఏం చూస్తారు అక్కడ?"

"పద్నాలుగో లాట్ పట్టీలు. కడ్డీలు విరుగుతున్నాయని ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశాడు."

"దాన్ని పనీ పాటా లేకుండా విసిగించకండి" అని వదిన కసురుకుంది. ఆయనకి నా పనంటే ఆసక్తి. అడిగేవాడు ఒకడైనా ఉన్నాడు.

జనవరి 11

గేటు దగ్గరే తేడా కొట్టింది. చెప్పకుండా వెళ్ళాం కదా, అయినా మాకోసం కుర్చీలు వేసి ఉన్నాయి. టీ వేడిగా ఉంది. పెట్టెల మీద నంబర్లు కొత్తగా వేశారు, వేలు పెడితే రంగు అంటుకుంది.

స్టోర్ కీపర్ ఒక పట్టీ తీసి చూపించాడు. చేతికో కాలికో పెద్ద గాయమైతే దానికి పైన ఇది చుట్టి, మధ్యలో ఉన్న కడ్డీని తిప్పుతారు. బట్ట పిండినట్టు బిగుసుకుని రక్తం ఆగిపోతుంది. ఆస్పత్రి చేరేదాకా మనిషి ప్రాణం ఆ కడ్డీ మీదే.

"పద్నాలుగో లాట్ చూపించండి" అన్నాను.

"అయ్యో, అది నిన్ననే పైకి, సరిహద్దుకి వెళ్ళిపోయింది మేడమ్. రాత్రి ఎనిమిదిన్నరకి లారీ బయల్దేరింది. అర్జెంటుగా కావాలన్నారు."

కొలబద్ద పన్నెండో లాట్ పెట్టెలోంచి ఒకటి తీసి తన తొడకే కట్టుకుని, ముఖం ఎర్రబడేదాకా తిప్పాడు. విరగలేదు. "ఇది బాగుంది" అన్నాడు కారులో. "బాగుంది కాబట్టే ఇక్కడుంది."

జనవరి 12

ఎవరో ఉప్పందించారు.

జనవరి 17

రెండో డిపో. అక్కడా అంతే. పద్నాలుగో లాట్‌లో వాళ్ళ వాటా ముందు రోజు సాయంత్రమే సరిహద్దుకి వెళ్ళిపోయింది. అక్కడి అధికారి మాకోసం బూట్లు పాలిష్ కూడా చేయించుకున్నాడు.

మేము వస్తామని ఎవరెవరికి తెలుసు? డైరెక్టర్‌కి తెలుసు. కొలబద్దకి తెలుసు. డ్రైవర్‌కి కారెక్కాకే చెప్తాను. అంతే, ఇంకెవరూ లేరు.

డైరెక్టర్ తొందర లేదన్నారు. కొలబద్ద మధ్యాహ్నం రెండుసార్లు ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్ళాడు. నేను వెళ్ళేసరికి పెట్టేశాడు. అతని కాళ్ళకి కొత్త చెప్పులు. ఇలాంటివి ఇంతకుముందు చూసేదాన్ని కాను.

జనవరి 18

కొత్త చెప్పులు కొనుక్కోవడం నేరమా? కాదు. కానీ ఇప్పుడే ఎందుకు?

జనవరి 20

వల వేశాను. డైరెక్టర్‌తో ఎల్లుండి ఆస్పత్రి రికార్డులు చూస్తామని చెప్పాను. కొలబద్దతో మాత్రం మూడో డిపో అన్నాను, పదింటికి. మూడో డిపో సిద్ధంగా ఉంటే దొంగ ఎవరో తేలిపోతుంది.

కింద భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే అన్నయ్య గట్టిగా నవ్వాడు. "పోలీసు ఉద్యోగానికి వెళ్ళాల్సిందానివి అమ్మడూ" అన్నాడు. నాక్కూడా నవ్వొచ్చింది. చాలా రోజులకి.

జనవరి 22

మూడో డిపో సిద్ధంగా ఉంది. ఊడ్చి, కడిగి, టీ కాచి.

కారులో తిరిగొచ్చేటప్పుడు కొలబద్ద ముఖం చూడలేకపోయాను. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ, "మనకంటే ముందు మన కబురు చేరుతోంది మేడమ్" అన్నాడు. ఎంత ధైర్యం.

జనవరి 24

నిన్న మధ్యాహ్నం నోట్ రాసి డైరెక్టర్‌కి ఇచ్చాను. ఒక పేజీ. ఇవాళ పొద్దున కొలబద్దని పింఛన్ల విభాగానికి మార్చారు. భవనం అడుగున, కిటికీలు లేని గది.

వెళ్తూ నా బల్ల దగ్గరికి వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది.

"నామీద అనుమానం వచ్చినప్పుడు ఒక్క మాట అడగాల్సింది మేడమ్" అన్నాడు. "వరండాలో మాట్లాడింది మా అమ్మ డాక్టరుతో. ఆవిడకి చూపు పోతోంది."

నేను ఫైలు తిరగేస్తూ కూర్చున్నాను. ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. పద్నాలుగో లాట్ ఏ రోజు ఎన్ని పెట్టెలు ఎటు వెళ్ళాయో చీమ తలకాయంత అక్షరాలతో రాసి ఉంది.

"సైనిక ఆస్పత్రికి వెళ్ళండి. విరిగినవి చివరికి అక్కడికే చేరతాయి. ఎప్పుడు వెళ్తున్నారో ఎవరికీ చెప్పకండి. నాక్కూడా."

దొంగ ఇలా మాట్లాడతాడా? తెలివైన దొంగయితే మాట్లాడతాడు.

జనవరి 25

ఇవాళ రాయడానికి ఏమీ లేదు.

జనవరి 29

ఆఫీసుకని బయల్దేరినదాన్ని బస్టాపులో మనసు మార్చుకుని ఆస్పత్రి బస్సెక్కాను. అనుకుని చేసింది కాదు.

అక్కడ నాకోసం ఎవరూ కుర్చీ వేయలేదు. టీ లేదు. వార్డు నిండా మంచాలు, మంచాల మధ్య నేల మీద పరుపులు. హెడ్ నర్సు నా కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇన్నాళ్ళకి వచ్చారా?" అంది. ఉత్తరం రాసిన ఆకాశరామన్న ఆవిడే.

మందుల బీరువా అడుగునుంచి అట్టపెట్టె తీసింది. లోపల విరిగిన, బీటవారిన కడ్డీలతో ఏడు పట్టీలు. పట్టీ అంచున సన్నగా లాట్ నంబర్ ఉంది. ఏడింటి మీదా 14.

"పారేయమన్నారు. నేను పారేయలేదు" అంది. "మూడో తిప్పుకో నాలుగో తిప్పుకో పుటుక్కుమంటాయి. వీటితో వచ్చిన ఏడుగురిలో నలుగురు దారిలోనే పోయారు. ఒకడికి కాలు తీసేశాం."

ఆ ఒకడి దగ్గరికి తీసుకెళ్ళింది. పాతికేళ్ళుంటాయి. దుప్పటి కింద ఒక వైపు పల్లంగా ఉంది.

"మావాడు బెల్టు విప్పి కట్టాడమ్మా" అన్నాడు. "జారిపోతుంటే రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు లారీలో. నాలుగు గంటలు. వాడి వేళ్ళు విడదీయడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది." తర్వాత నన్ను పరీక్షగా చూసి, "మీరు డాక్టరా?" అన్నాడు.

"కాదు, ఆడిట్."

"అంటే?"

నేను పెన్ను తీశాను.

గాయపడ్డ తేదీలు రాసుకున్నాను. నర్సు చేత ఉత్తరం రాయించిన మొదటిది తప్ప అన్నీ జనవరి 11 తర్వాతవే. డిపోల్లోని పెట్టెలు పైకి వెళ్ళాకే. అంటే మా కళ్ళ పడకూడదని ఆదరాబాదరా తరలించిన సరుకు నేరుగా వీళ్ళ చేతుల్లోకి వెళ్ళింది. మేము చెప్పకుండా వెళ్ళగలిగి ఉంటే డిపోలోనే దొరికేది.

మూడు పట్టీలు రసీదు రాసిచ్చి తెచ్చుకున్నాను. తలనొప్పి అని చెప్పి భోజనానికి కిందికి వెళ్ళలేదు.

ఇవాళ కబురు ముందుగా చేరలేదు. కొలబద్ద పక్కన లేడు కదా మరి.

ఫిబ్రవరి 2

ఆ లాట్‌లో మిగిలిన పెట్టెలు రైల్వే గోదాములో ఉన్నాయి, నాలుగు రోజుల్లో రైలెక్కుతాయి. ఆస్పత్రిలో చూసిన సరఫరా చీటీల్లో ఆ సంగతి దొరికింది. రేపే వెళ్తాను. ఈసారి తప్పించుకోలేరు.

డైరెక్టర్ ముప్పయ్యో తారీఖు నుంచే వాళ్ళమ్మాయి పురుడని సెలవులో ఉన్నారు. మంచిదే అయింది.

అన్నయ్య నాలుగు రోజులుగా నా ముఖం చూసి దిగులు పెట్టుకున్నాడట, వదిన చెప్పింది. భోజనాల దగ్గర నేనే నవ్వి, "రేపు రైల్వే గోదాము, దాంతో అయిపోతుందిలే" అన్నాను.

ఫిబ్రవరి 3

గోదాము ఖాళీ. తెల్లవారుజామున ఎత్తేశారు. నేల మీద పెట్టెల అచ్చులు మాత్రం దుమ్ములో చతురస్రాలుగా ఉన్నాయి.

కొలబద్ద అడుగు అంతస్తులో ఉన్నాడు. డైరెక్టర్ ఊళ్ళో లేరు. డ్రైవర్‌కి కారెక్కాక చెప్పాను.

నేనెవరికీ చెప్పలేదు.

ఎవరికీ చెప్పలేదు.

ఇంట్లో తప్ప.

ఫిబ్రవరి 4

ఈ నోటుబుక్కు మొదటి నుంచి చదివాను. పదో తారీఖున రాశాను. ఇరవయ్యో తారీఖున రాశాను, నవ్వొచ్చిందని కూడా రాశాను. రెండో తారీఖున రాశాను. రెండో డిపోకి ముందు రోజు ఏం మాట్లాడుకున్నామో రాయలేదు కానీ గుర్తుంది. ఆస్పత్రి సంగతి ఒక్కటే అన్నయ్యకి తెలీదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న పోయాడు. అన్నయ్య పద్దెనిమిదేళ్ళకే సైన్యంలో చేరి నన్ను చదివించాడు. నా మొదటి జత బూట్లు, నా ఫీజులు, నా పెళ్ళి. ఆయనని అనుమానించడమేమిటి. నాకు మతిపోయింది.

గోదాముకి వేరే దారిలో కబురు వెళ్ళి ఉండొచ్చు.

ఉండొచ్చు.

ఫిబ్రవరి 6, సెలవు రోజు

అన్నయ్యకి కూడా వల వేద్దామనుకున్నాను. అబద్ధపు చోటు పేరొకటి చెప్పి చూద్దామని. చేతకాలేదు. వెళ్ళి అడిగేశాను.

ఉదయం పది. పేపరు చదువుతున్నాడు. వదిన బజారుకెళ్ళింది.

"అన్నయ్యా, నేను చెప్పిన మాటలు ఎవరికి చెబుతున్నావు?"

పేపరు మడిచి పక్కన పెట్టాడు. కాదంటాడని ఎంత ఆశపడ్డానో.

"మా పాత కెప్టెన్‌కి" అన్నాడు. "ఇప్పుడా పట్టీల కంపెనీ ఆయనదే. డిపోలో అందరూ ఆయన దగ్గర పనిచేసినవాళ్ళే. ఒక్క రూపాయి ముట్టలేదమ్మడూ. ఆ అనుమానం నీకుంటే ఇప్పుడే చెప్పు."

"మరెందుకు?"

అప్పుడు కాలు ముందుకి చాపాడు, ఆ మూడు వేళ్ళు లేని కాలు. "ఇది చలికి పోయిందనే కదా నీకు తెలుసు. ఆ ఏడు మాకు మంచు బూట్లు రావాల్సింది. అత్యవసరమని కెప్టెన్ ఒక కంపెనీ దగ్గర తీసేసుకుంటే, ఎవరో నీలాంటివాడు ఫైలు మీద ఎర్రగీత గీశాడు. టెండరు లేదని. నాలుగు వారాలు ఆ బూట్లు గోదాములోనే ఉన్నాయి, మేం కొండ మీద ఉన్నాం. నా సెక్షన్‌లో ఐదుగురు పోయారు. మీ ఆఫీసు వాళ్ళు మళ్ళీ అడ్డం పడతారేమోనని చెప్పాను. సరుకు ముందు పైకి వెళ్ళిపోవాలి, ఆ తర్వాత మీ ఇష్టం వచ్చినన్ని ఎర్రగీతలు గీసుకోండి, అనుకున్నాను."

ఇన్నేళ్ళూ నా ఉద్యోగం గురించి ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు ఆయన. పైకెళ్ళి పట్టీలు తెచ్చి ముందు పెట్టాను. రెండు విరిగినవి. మూడోది కడ్డీ బీటవారింది కానీ ఇంకా ఊడిపోలేదు.

"ఇది ఆయన కంపెనీదే అని ఏంటి నమ్మకం?" అన్నాడు. లాట్ నంబర్ చూపించాను. దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత ఆ బీటవారినదాన్ని తన ఎడం చేతికి చుట్టి, పళ్ళతో కొస పట్టుకుని, అలవాటైనవాడిలా తిప్పాడు. ఒకటి. రెండు. మూడోసారికి కడ్డీ రెండు ముక్కలై ఒకటి కుర్చీ కిందికి ఎగిరిపోయింది.

"ముందే బీటవారింది కదా" అన్నాడు.

"కొత్తదాన్ని మూడుసార్లు తిప్పితేనే అలా అయింది. ఒక మనిషి కాలి మీద."

చేతి మీద పట్టీ అచ్చు ఎర్రగా తేలింది. వదిన సంచీతో లోపలికొస్తూ, "ఏమైందండీ చేతికి?" అంది. అన్నయ్య చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

ఫిబ్రవరి 7

పట్టీలు వాడకుండా ఆపించాలి. అది డైరెక్టర్ సంతకం లేనిదే కుదరదు, రేపు ఆయన రాగానే. అందులో ఆలోచించేదేమీ లేదు.

ఆలోచించేది రెండో సంగతి. కబురు ఎలా బయటికి వెళ్ళిందో నివేదికలో రాయాలా? రాయకపోతే ఎవరూ అడగరు. కొలబద్ద మీద నేను రాసిన నోట్ ఫైల్లో ఉంది. సంతకంతో సహా. అతను ఎలాగూ ఏమీ అనడు.

ఎవరూ అడగరు.

ఫిబ్రవరి 8

పట్టీలు బల్ల మీద పెట్టి ఆస్పత్రి సంగతి చెప్పాను. డైరెక్టర్ మధ్యలో ఆపలేదు. నేను ముగించగానే ఫోన్ తీసి సైనిక వైద్య విభాగం అధిపతికి నేరుగా చేశారు. "పద్నాలుగో లాట్ ఎక్కడున్నా ఈ క్షణం నుంచి వాడకూడదు. కాగితం అరగంటలో వస్తుంది" అన్నారు. పది నిమిషాల్లో సంతకం అయిపోయింది. ఈయననా నేను నెల రోజులు అనుమానించింది?

అడగకుండా ఉండలేకపోయాను. "తొందర లేదని ఎందుకన్నారు సార్?"

"తొందరపడితే మనం వస్తున్నట్టు వాళ్ళకి తెలుస్తుందమ్మా. అయినా తెలిసిపోయిందనుకోండి." కళ్ళజోడు తీశారు. "అతన్ని మార్చేశాక కూడా గోదాము ఎలా ఖాళీ అయింది?"

అడిగారు. అడగరనుకున్నాను.

గోడ గడియారం చూశాను. కింద రోడ్డు మీద ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు, అవడం లేదు. ఆయన ఎదురుచూస్తున్నారు.

"రేపు చెబుతాను సార్" అన్నాను.

ఆ మాటతో ఆయనకి సగం అర్థమయ్యే ఉంటుంది.

ఫిబ్రవరి 9

అన్నయ్యే పైకి వచ్చాడు. ఆ కాలితో మెట్లెక్కి రావడం అరుదు.

"ఎంతమంది అమ్మడూ?"

"నాకు తెలిసి ఏడుగురు. నలుగురు లేరు."

"పేర్లున్నాయా?"

రాసిచ్చాను. ఏడు పేర్లూ. నిలబడే చదివాడు, వార్తలు చదివినట్టు కాదు, హాజరు పిలుస్తున్నట్టు పెదాలు కదుపుతూ. కాగితం జేబులో పెట్టుకున్నాడు.

"నీ నివేదికలో నా పేరు రాయి. నువ్వు రాయకపోతే నేనే వచ్చి చెబుతాను, అప్పుడు నీకు తలవంపులు" అన్నాడు.

రాశాను. ముందు నా తప్పు, తర్వాత ఆయన పేరు, తర్వాత కొలబద్ద మీది నోట్ వెనక్కి తీసుకుంటున్నానని. మూడు పేరాలు. ఇంత చిన్న కాగితం నేనెప్పుడూ ఇంతసేపు రాయలేదు.

ఫిబ్రవరి 11

అన్నయ్య గడ్డం గీసుకుని, పెళ్ళిళ్ళకి వేసుకునే కోటు వేసుకుని, ఒక్కడే ఆఫీసుకి వచ్చి వాంగ్మూలం ఇచ్చాడు. గంటన్నర. నన్ను గదిలోకి రానివ్వలేదు. తలుపు తీసుకుని బయటికి వచ్చాక నన్ను చూసి తల ఊపాడు, పరిచయస్తుల్ని చూసి ఊపినట్టు. కెప్టెన్‌ని మధ్యాహ్నం తీసుకెళ్ళారట. డిపో అధికారులు ముగ్గురు సస్పెండ్.

నన్ను ఈ తనిఖీ నుంచి తప్పించారు. విచారణ ఉంటుంది. ఉండాలి.

ఏడింటికి కిందికి వెళ్తే వదిన తలుపు దగ్గరే నిలబడింది.

"అన్నం పెట్టిన ఇంటి మీద కాగితం రాశావు" అంది.

"వదినా, ఆయనే రాయమన్నాడు."

"ఆయన రాయమంటాడు. నువ్వు రాయకుండా ఉండాలి."

గిన్నె నా చేతిలో పెట్టి తలుపు వేసింది. ఒక్కదాన్నే పైకొచ్చి తిన్నాను. ఆవిడ మాట తప్పని నాకు తెలుసు. కానీ ఆవిడ ముందు అనలేను.

ఫిబ్రవరి 12

సరిహద్దు నుంచి మొదటి కబురు. రెండు వేల పైచిలుకు పట్టీలు వెనక్కి వస్తున్నాయి. అప్పటికి విరిగినవి ఇంకా పదకొండు. అవి కట్టుకున్నవాళ్ళ పేర్లు ఇంకా రాలేదు.

ఫిబ్రవరి 14

అడుగు అంతస్తుకి వెళ్ళాను. నాలుగు రోజులుగా వెళ్ళాలనుకుంటూ మెట్ల దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోతున్నాను.

కొలబద్ద పింఛన్ ఫారాలు కట్టలు కడుతున్నాడు. బల్ల మీద ఇంకో కాగితం, డైరెక్టర్ సంతకంతో. తనిఖీ బృందానికి అతన్నే నాయకుడిగా వేశారు. నేను రాసిన ఆ మూడు పేరాల నకలు ఇచ్చాను. నిలబడే చదివాడు. చివరిదాకా వచ్చి మళ్ళీ మొదటికి వెళ్ళాడు.

"క్షమించమని అడగడానికి వచ్చాను" అన్నాను.

"మీ అన్నయ్యగారి పేరు రాశారన్నమాట."

"రాశాను."

"ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి మేడమ్. నా పేరు రాయడానికి ఎంతసేపు ఆలోచించారు?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలేదు. "ఒక పూట."

"ఆయనది?"

"ఐదు రోజులు."

తలాడించాడు. కోపం లేదు అతని ముఖంలో. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "మా అమ్మకి చదివి వినిపించాలి. ఆవిడ చదవలేదు కదా" అన్నాడు.

వెళ్ళిపోవాల్సింది. నోరు ఊరుకోలేదు. నెల రోజులుగా బుర్రలో తిరుగుతున్నది ఒకటే కదా.

"నాలుగో డిపో మిగిలిపోయింది. అక్కడికి ఎప్పుడు వెళ్తున్నారు?" అని అడిగాను.

దారం ముడి వేస్తున్నవాడు ఆగాడు. పాపం, చెప్పడానికి అతనికే ఇబ్బందిగా ఉంది.

"అది మీకు చెప్పకూడదు కదా మేడమ్" అన్నాడు మెల్లగా.

"అవును. చెప్పకండి" అన్నాను.